రెండుసార్లు వార్చిన పుట్టగొడుగులు

కెర్తుకి చెల్లెలి మీద వారం రోజులుగా కోపంగా ఉంది. పెద్ద కారణమేం లేదు, ఒక పొట్లం గురించి. ఏటా అక్టోబరు మొదటివారం సైమి అడవికి వెళ్ళి గరాటు పుట్టగొడుగులు కోసుకొచ్చి, వెన్నలో వేయించి, గడ్డకట్టించి ఒక పొట్లం అక్కకి తెచ్చిచ్చేది. ముప్ఫయ్యేళ్ళలో ఒక్క ఏడూ తప్పలేదు. ఈసారి అక్టోబరు సగం గడిచిపోయింది, పొద్దున్నే బకెట్లో నీళ్ళ మీద పలచగా మంచు పేరుకుంటోంది, అయినా పొట్లం లేదు, పొట్లం ఊసూ లేదు. నోరు తెరిచి అడుగుదామంటే నామోషీ. పుట్టగొడుగుల కెర్తు అని నాలుగూళ్ళలో పేరు మోసిన మనిషి, చెల్లెలి దగ్గర చెయ్యి చాచి పుట్టగొడుగులు అడుక్కోవడమేమిటి?

ఆ పేరు ఊరికే రాలేదు మరి. ఇరవయ్యేళ్ళ కిందట కెర్తు కుయోపియో పట్నం వెళ్ళి, పుట్టగొడుగుల పరీక్ష రాసి పాసై, ఫొటో అంటించిన కార్డు తెచ్చుకుంది. అప్పట్నించీ ఆకురాలు కాలంలో ప్రతి శనివారం పొద్దున్న ఊరి కొట్టు ముందు బల్ల వేసుకుని కూర్చుంటుంది. జనం బుట్టలు పట్టుకుని వరస కడతారు. ఒక్కోదాన్నీ తీసి వాసన చూస్తుంది, చీల్చి చూస్తుంది. "ఇది తిను. ఇది పారెయ్. ఇది ఇంకోసారి నా కళ్ళబడిందంటే నీ బుట్ట పొయ్యిలో పెడతా," అంటుంది. ఎవరూ నొచ్చుకోరు. ఆ బల్ల మొదలైన దగ్గర్నించీ ఆ ఊళ్ళో పుట్టగొడుగులు తిని ఒక్కరికీ ఏమీ కాలేదు.

ఆ బల్ల దగ్గరికి రాని మనిషి ఊళ్ళో ఒక్కతే. సైమి.

దానికో కథ ఉంది. అక్కడ ఎవరి పుట్టగొడుగుల చోటు వాళ్ళ గుట్టు. అడవి అందరిదీ, ఎవరైనా ఎక్కడైనా కోసుకోవచ్చు. అందుకే ఎవరూ చెప్పరు. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పరు. దారిలో ఎవరైనా ఎదురైతే బుట్ట మీద చొక్కా కప్పేసి, ఈసారేం దొరకలేదండీ అని మొహం వేలాడేస్తారు. పోయే ముందు మాత్రం ఒక్కరిని దగ్గరికి పిలిచి చెవిలో చెబుతారు. కెర్తు వాళ్ళమ్మ అలా పిలిచింది సైమిని. పెద్దకూతురు గుమ్మం బయట నిలబడి ఉండగానే చిన్నదాన్ని పిలిచి చెప్పి, తెల్లవారుజామున కన్నుమూసింది. ఎందుకలా అంటే, కెర్తు నోట్లో నువ్వుగింజ నానదు. అమ్మకి తెలీదూ? ఆ మాట నిజమని కెర్తుకీ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా? ముప్ఫయ్యేళ్ళు చెల్లెలి ప్రాణం తోడేసింది, ఎక్కడే, ఎక్కడే అని. సైమి నవ్వేసి ఊరుకునేది.

అక్కడితో ఆగినా బావుండేది. తొమ్మిదేళ్ళ కిందట ఓ శనివారం సైమి కూడా అందర్లాగే బుట్ట పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది. కెర్తు పుట్టగొడుగుల్ని చూడ్డం మానేసి బుట్ట అడుగున రాలిన చెత్త ఏరడం మొదలెట్టింది. ఒక ఎండాకు, రెండు సూదాకులు, బురదనేలల్లో పెరిగే నాచు తునక ఒకటి. పదిమందీ వింటుండగా, "ఓహో, దొరికిపోయావే చెల్లీ. ఆవలి బురద గట్టు వైపన్నమాట," అంది. తమాషాకే అంది. మరుసటి ఆదివారం సగం ఊరు బకెట్లు పట్టుకుని బురద గట్టు చుట్టూ తిరిగింది. చోటు ఎవరికీ చిక్కలేదు గానీ, ఆ రోజుతో సైమి బల్ల దగ్గరికి రావడం మానేసింది. కోసినవి అడవిలోనే దులిపి, తుడిచి, శుభ్రం చేసి మరీ ఇంటికి తెచ్చుకునేది.

పొట్లం రాని ఈ అక్టోబరులో, శనివారం సాయంత్రం మామూలుగానే ఆవిరిస్నానానికి సౌనా గది కాచారు. కెర్తు మొగుడు పోయి ఆరేళ్ళయింది. శనివారం సౌనా మాత్రం అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసే చేస్తారు, కెర్తు పెరట్లో. సైమి మొగుడు ఐమో ఆ గంటసేపూ వంటింట్లో కూర్చుని పేపరు చదువుతూ తన వంతు కోసం చూస్తుంటాడు.

పై మెట్టు మీద ఇద్దరూ చెమటలు కక్కుతూ కూర్చున్నారు. కెర్తు పొయ్యి మీద కాగిన రాళ్ళ మీద ఇంకో గరిటెడు నీళ్ళు పోసింది. సైమి చేతిలో నీళ్ళ చెంబు ఉంది. అది ఖాళీ చేసి, కిందికి దిగి ఇంకోటి నింపుకొచ్చి అదీ తాగేసింది.

"ఏమే, చెరువు మిగులుతుందా మాకు?" అంది కెర్తు.

"దాహంగా ఉందక్కా. మూణ్ణాలుగు రోజులుగా ఇదే గోల."

"ఉప్పుచేప ఎక్కువ తిన్నావేమో." కెర్తు రాళ్ళ మీద మరో గరిటెడు పోసింది. ఇంక ఆగలేకపోయింది. "తినడమంటే గుర్తొచ్చింది. ఈ ఏడు నా పొట్లం దార్లో తప్పిపోయిందా ఏం?"

సైమి మొహం పక్కకి తిప్పుకుంది. "ఇస్తాలే. తొందరేముంది."

"తొందరా? నాకేం తొందర. నాకసలు గుర్తే లేదు."

"గుర్తులేకపోతే ఎలా అడిగావ్?"

"తిరుగు అటు. వీపు రుద్దుతాను," అంది కెర్తు, మాట మార్చడానికి.

సౌనాలో ఒళ్ళు తట్టుకునే బర్చ్ చెట్టు రెమ్మల కట్ట వేడినీళ్ళలో ముంచి, చెల్లెలి భుజాల మీద రెండు తగిలించి, తర్వాత సబ్బు చేత్తో నడుం దాకా రుద్దుకుంటూ వచ్చింది. పక్కటెముకల కింద చెయ్యి పడగానే సైమి కెవ్వుమంది.

"ఏమైందే?"

"ఏం లేదు. పడవ ఒడ్డుకి లాగాం కదా మొన్న, పట్టేసింది."

"పడవ లాగితే ఒకపక్క పడుతుంది. నీకు రెండుపక్కలా ఎందుకు పట్టింది?"

"నేను రెండు చేతులతో లాగాను," అంది సైమి. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు కెర్తుకి తర్వాత చాలా రోజులు గుర్తొచ్చి బాధ పెట్టింది.

స్నానాలయ్యాక వంటింట్లోకి వచ్చి కూర్చున్నారు. కెర్తు కాఫీ పోసింది, అన్నం కూరిన రొట్టెలు కోడిగుడ్డు వెన్నతో పెట్టింది. సైమి కాఫీ కప్పు రెండు వేళ్ళతో అవతలికి నెట్టింది.

"వద్దక్కా. వాసనకే కడుపులో తిప్పుతోంది."

కెర్తు చేతిలో పాత్ర అలాగే ఉండిపోయింది. సైమి తన యాభై తొమ్మిదేళ్ళ బతుకులో కాఫీ వద్దనడం ఆమె ఎరగదు. పిల్లాణ్ణి కన్న పూట కూడా మంత్రసాని చేత తెప్పించుకుని తాగిన మనిషి.

"ఐమో, నీ పెళ్ళాం ఏం తింటోంది ఇంట్లో?"

ఐమో పేపరు మీంచి తలెత్తాడు. "నేను తిన్నదే తింటోంది వదినా. ఆ పుట్టగొడుగులు తప్ప. అవి నేను ముట్టనని మీకు తెలుసుగా. అడవిలో మొలిచినవి మెయ్యడానికి నేనేం ఆవునా? పోయిన ఆదివారం తనొక్కతే వండుకుని తింది."

"గరాటు పుట్టగొడుగులేనా?" చెల్లెలి వైపు తిరిగింది కెర్తు.

"అవే. ఏటా తినేవే." సైమి బల్ల మీద గుడ్డ అంచు సవరించింది. "ఏం భయం లేదక్కా. రెండుసార్లు ఉడికించి నీళ్ళు వార్చేశాను కూడా."

ఐమో పేపరు తిప్పుకున్నాడు. అతనికి ఆ మాటలో ఏమీ వినపడలేదు. కెర్తు మాత్రం చేతిలో పాత్ర కింద పెట్టేసింది.

గరాటు పుట్టగొడుగుల్ని ఎవరూ వార్చరు. అవి ఎంత మంచివంటే పచ్చివే పెనం మీద వేసుకుంటారు. రెండుసార్లు ఉడికించి, రెండుసార్లూ నీళ్ళు పారబోసి తినేది చెవి పుట్టగొడుగుల్ని. వసంతంలో వస్తాయవి, పచ్చిగా తింటే చంపేస్తాయి, వార్చి తింటే అమృతం. అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. నీళ్ళల్లో విషం పోతుందని వాళ్ళ అమ్మమ్మలు చెప్పారు, అమ్మలు చెప్పారు, ఆ ఒక్క పుట్టగొడుగు విషయంలో అది నిజం కూడానూ. అంటే సైమి గరాటు పుట్టగొడుగుల్ని వార్చిందంటే అర్థం ఒక్కటే. వాటిని చూసి దానికి అనుమానం వచ్చింది.

"ఎందుకు వార్చావ్?" అంది కెర్తు.

"ఊరికే."

"సైమీ. ఎందుకు వార్చావో చెప్పు."

సైమి బల్లగుడ్డ అంచు వదిలేసింది. తర్వాత మెల్లిగా చెప్పింది. నాచులో గుత్తులు గుత్తులుగా ఉన్నాయట, ఎప్పుడూ లేనంతగా. ఒక్కోటీ ఏం కోస్తాంలే అని కత్తెరతో గుప్పిళ్ళకి గుప్పిళ్ళు కత్తిరించేసిందట. ఇంటికొచ్చి పరిచి చూస్తే మధ్యమధ్యలో కొన్ని వేరేగా కనిపించాయి. కాస్త ఎర్రగా, నెత్తిన మొటిమలా మొన దేరి. కనిపించినవి తీసి పారేసింది. ముక్కలైపోయినవి ఎన్ని కలిసిపోయాయో తెలీలేదు.

"మరి మొత్తం పారెయ్యాలి కదే."

"రెండు బకెట్లక్కా. అయినా అది అమ్మ చోటు. ఇన్నేళ్ళుగా తింటున్నాం. అమ్మ చోటులో చెడ్డది మొలుస్తుందా?"

"అడవికి అమ్మెవరో తెలీదే పిచ్చిదానా," అంది కెర్తు. "మిగిలినవి ఉన్నాయా?"

ఐమో అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటున్నాడు. వాళ్ళిల్లు పది ఇళ్ళ అవతల. వెళ్ళి, ఫ్రిజ్‌లోంచి గడ్డకట్టిన పొట్లం తీసుకుని, రొప్పుతూ వచ్చాడు. కెర్తు దాన్ని గోరువెచ్చటి నీళ్ళల్లో వేసి, విడివడగానే కళ్ళజోడు పెట్టుకుని దీపం దగ్గరికి లాక్కుంది. ఉడికిపోయిన పుట్టగొడుగుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. కాడ మాత్రం అబద్ధం చెప్పదు. గరాటు పుట్టగొడుగు కాడ లోపల డొల్ల, గొట్టంలా ఉంటుంది. కెర్తు ఒక్కోటీ తీసి బొటనవేలి గోటితో నిలువునా చీల్చింది. డొల్ల. డొల్ల. డొల్ల. ఇరవై దాకా అలాగే వచ్చాయి. ఐమో ఊపిరి వదిలాడు. ఆ తర్వాతది చీలలేదు. లోపల గట్టిగా, నార నారగా ఉంది. టోపీ ముక్క తిరగేసింది. మడతలుండాల్సిన చోట వెడల్పాటి రేకులు, పుస్తకంలో కాగితాల్లా విడివిడిగా.

సాలెగొడుగు. పసిగా ఉన్నప్పుడు టోపీ కింద సాలెపురుగు అల్లినట్టు సన్నటి తెర ఉంటుంది దానికి. పెరిగాక ఆ తెర చిరిగిపోయి, కాడ మీద పసుప్పచ్చటి పట్టెలుగా మిగులుతుంది. తిన్నవాళ్ళకి ఆ రోజూ ఏమీ కాదు, మర్నాడూ ఏమీ కాదు. మూడో రోజో, వారానికో దాహం మొదలవుతుంది. అప్పటికి అది మూత్రపిండాల్లో దూరి కూర్చుని ఉంటుంది. దాన్ని ఎన్నిసార్లు ఉడికించినా, ఎన్నిసార్లు వార్చినా విషం పోదు. కెర్తు కార్డు తెచ్చుకున్న రోజు నుంచీ బల్ల దగ్గర ప్రతివాడికీ చెవినిల్లు కట్టుకుని చెప్పిన సంగతి అది. తోడబుట్టినదానికి తప్ప.

ఇంకా రెండు దొరికాయి. మూడింటినీ ఒక గాజుసీసాలో వేసి మూత బిగించింది.

"కారు తియ్యి ఐమో. పెద్దాసుపత్రికి. సైమీ, కోటు వేసుకో."

"ఇప్పుడా? తల కూడా ఆరలేదు. సోమవారం వెళ్దాంలే."

"నీళ్ళు అన్ని తాగుతున్నావు కదా, బయటికి వస్తున్నాయా?"

సైమి తల అడ్డంగా ఊపింది. కోటు వేసుకుంది.

డెబ్భై కిలోమీటర్ల దారి. వెనకసీట్లో అక్కాచెల్లెళ్ళు కూర్చున్నారు. ఐమో ఎప్పుడూ లేనంత వేగంగా తోలుతున్నాడు. ఆ మనిషి ఇద్దరికీ వీపు చూపించి, దారంతా ఒక్క మాటే అన్నాడు. "నేను కూడా తినుంటే బావుండేది. అప్పుడు అన్నీ తనొక్కతే తినేసేది కాదు."

సగం దూరం వెళ్ళాక కెర్తు అడిగింది. అడగక్కర్లేదని తెలుసు, అయినా ఆగలేకపోయింది.

"ఆ పొట్లం నాకెందుకు ఇవ్వలేదు?"

సైమి కిటికీలోంచి బయటికి చూస్తోంది. చీకట్లో చెట్లు తప్ప ఏమీ లేవు. "అనుమానంగా ఉంటే నీకెలా పెడతాను? ముందు నేను తిని, వారం చూసి ఇద్దామనుకున్నాను."

వారం రోజులు కెర్తు మొహం మాడ్చుకు కూర్చున్న పొట్లం అది. దారిలో కనిపిస్తే పలకరించకుండా తల తిప్పుకుంది కూడా, మంగళవారం, కొట్టు దగ్గర. చెల్లెలి చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"బల్ల దగ్గరికి తేవచ్చు కదే. ఒక్క నిమిషం పట్టేది నాకు."

"తెస్తే నువ్వు చెత్త ఏరేదానివి," అంది సైమి. అందులో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. కెర్తు ఏడవడం మొదలెట్టింది. ఆసుపత్రి దీపాలు కనిపించేదాకా ఏడుస్తూనే ఉంది, సైమి ఆమె వీపు నిమురుతూనే ఉంది.

డాక్టరు పడుచువాడు. సీసాలో ఉన్నవి చూసి, రక్తం తీయించి, కాగితం చూసి, ఇంకోసారి కాగితం చూశాడు. ఆ రాత్రే సైమిని మిషనుకి కలిపారు. రక్తాన్ని బయటికి తీసి, కడిగి, లోపలికి పంపే మిషను. దీనికి విరుగుడు మందు లేదని చెప్పాడతను. మూత్రపిండాలు కొన్ని వారాల్లో తేరుకోవచ్చు, కొంత తేరుకోవచ్చు, అసలు తేరుకోకపోనూ వచ్చు. "ఇంకో వారం ఆలస్యమైతే ఈ మాట కూడా చెప్పలేకపోయేవాణ్ణి. ఎవరు కనిపెట్టారు?" అన్నాడు. ఐమో వదిన వైపు చూపించాడు. డాక్టరు మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుతో కెర్తుకి చెంపదెబ్బ తిన్నట్టయింది.

కెర్తు ఇంటికెళ్ళలేదు. పట్నంలో తెలిసిన వాళ్ళింట్లో పడుకుంటూ పగలంతా మంచం పక్కనే ఉంది. ఆదివారం, సోమవారం, మంగళవారం. సైమి మొహం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి. మిషను ఆన్ చేసినప్పుడల్లా చలికి వణికేది. మంగళవారం రాత్రి గుండె లయ తప్పిందని డాక్టర్లు పరుగులు పెట్టారు. తెల్లారాక తేరుకుంది గానీ, ఆ తర్వాత సైమి చూపు మారిపోయింది. ఎటో వెళ్ళడానికి మూటలు కట్టుకున్నదానిలా అయిపోయింది మనిషి.

బుధవారం మధ్యాహ్నం మిషను తిరుగుతుండగా సైమి ఐమోని కాఫీ తాగి రమ్మని పంపించింది. అతను వెళ్ళాక, "అక్కా, దగ్గరికి రా," అంది.

కెర్తు కుర్చీ లాక్కుంది.

"ఇంకా దగ్గరికి. అమ్మ నాకు ఇలాగే చెప్పింది." సైమి గొంతు తగ్గించింది. "పాత తారు గొయ్యి ఉంది చూడూ, దాన్ని దాటాక ఎడమవైపు—"

కెర్తు చెయ్యి దానంతట అదే లేచింది. చెల్లెలి నోటి మీద పడింది.

ముప్ఫయ్యేళ్ళు ఆ నాలుగు మాటల కోసం నిద్రలో కూడా కలవరించిన మనిషి ఆమె. ఇప్పుడా మాటలు చెవి దాకా వస్తుంటే అమ్మ ఆఖరి రాత్రి గుర్తొచ్చింది. అమ్మ చెప్పింది, తెల్లారేసరికి పోయింది. చెప్పేవాళ్ళు పోతారు. పోయేవాళ్ళే చెబుతారు.

"చెప్పకు," అంది.

సైమి ఆ చెయ్యి పక్కకి లాగేసింది. "నీకేమైనా పిచ్చా అక్కా? ఇన్నేళ్ళు చంపుకుతిన్నావ్, చెప్పు చెప్పు అని."

"తిన్నాను. తప్పు నాదే. పదిమందిలో నీ బుట్ట కెలికాను. నేనలా చెయ్యకపోతే నువ్వు నాకు చూపించేదానివి, ఈ మంచం మీద ఉండేదానివి కాదు. ఇప్పుడు నాకేం చెప్పకు."

"నేను పోతే ఆ చోటు ఎవరికీ తెలీకుండా పోతుంది."

"పోనీ."

"అమ్మ చోటు."

"పోనీ అంటున్నాను కదా. నాకు చోటు వద్దు, పుట్టగొడుగులు వద్దు. నాకు నువ్వు కావాలి. నడవగలిగిన రోజున చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించు. ఎన్నేళ్ళైనా పర్లేదు. మంచం మీంచి చెబితే మాత్రం నేను వినను."

సైమి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ అదీ ఆ తల్లి కూతురే, ఆ అక్క చెల్లెలే. మొండిఘటం. "వినకపోయినా చెబుతాను. తారు గొయ్యి దాటి ఎడమవైపు వెళ్తే—"

కెర్తు చటుక్కున రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టేసుకుంది. అదీ చాలదనిపించి, చర్చిలో పాడే పాట ఒకటి, ఏది ముందు నోటికొస్తే అది, గట్టిగా ఎత్తుకుంది. గొంతు బావుండదు ఆమెది. చర్చిలో కూడా వెనక వరసలో నిలబెడతారు. అవతలి మంచాల్లో వాళ్ళు మిషన్లతో సహా ఇటు తిరిగారు. నర్సు పరుగెత్తుకొచ్చి, ఇది ఆసుపత్రండీ, ఇక్కడ పాడకూడదు అని ఆమె భుజం పట్టుకుని ఊపింది. కెర్తు ఆపలేదు. ఆపితే మిగతా సగం వినపడుతుందని భయం.

"సరే, చెప్పను," అంది సైమి. "నడిచే తీసుకెళ్తాను. ఊరుకో అక్కా."

కెర్తుకి వినపడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, చెంపల మీద నీళ్ళు కారుతుండగా, రెండో చరణం ఎత్తుకుంది.